కోడ్ రన్ అయింది సరే, పిల్లలకి అర్థమైందో లేదో ఎలా చూడాలి

వైజాగ్ చుట్టుపక్కల ఇంజినీరింగ్ కాలేజీల్లో ఫస్టియర్ ల్యాబ్ చూసుకునేవాళ్ల కోసం ఇది. రికార్డ్ నీట్‌గా ఉంటది, ఔట్‌పుట్ వస్తది, వైవాలో వేరియబుల్ అంటే ఏంటి అనడిగితే డెఫినిషన్ గడగడా అప్పజెప్పేస్తారు, మనం మార్కులు వేసేస్తాం. కానీ ఆ మూడూ బట్టీ పట్టినోడికీ వస్తాయి, పక్కోడి రికార్డ్ దించేసినోడికీ వస్తాయి, ఇప్పుడు చాట్‌జీపీటీ ఒకటి తోడైంది. అందుకే కోడ్ రాయమనే ముందు మీరే నాలుగు లైన్లు బోర్డు మీద రాసి, సిస్టమ్ ముట్టుకోకుండా ఏమొస్తదో కాగితం మీద రాయమనండి.

పైథాన్‌లో ఎ = 5, తర్వాత బి = ఎ, తర్వాత ఎ = 7. ఇప్పుడు బి ఎంత? 5. కానీ 7 అనేవాళ్లు కచ్చితంగా తగులుతారు, చిన్నప్పట్నుంచీ లెక్కల్లో ఈక్వల్ టు అంటే రెండు పక్కలా ఎప్పటికీ సమానమే కదా, అది బుర్రలోంచి అంత ఈజీగా పోదు. వెంటనే ఇంకోటి అడగండి: ఎ = [1, 2, 3], బి = ఎ, ఎ.అపెండ్(4), అంటే లిస్ట్ చివర 4 చేర్చడం. ఇక్కడ బిలో కూడా 4 కనపడుద్ది, ఎందుకంటే రెండు పేర్లూ ఒకే లిస్ట్‌వి. అసలు తిరకాసు ఇక్కడే ఉంది. ఇందాక 7 అన్నోడు అదే తప్పు ఆలోచనతో ఈ రెండోదానికి కరెక్ట్ ఆన్సర్ చెప్పేస్తాడు, 5 అని బాగా చెప్పినోడు ఇక్కడ బోల్తా పడతాడు. కాబట్టి లిస్ట్ ప్రశ్న ఒక్కటీ విడిగా అడిగితే మన అంచనా తలకిందులైపోద్ది, రెండూ జంటగానే అడగాలి. ఇంకా డౌటుంటే ఆ కిందే ఎ = [9] అని రాసి, ఇప్పుడు బి సంగతేంటి అనండి. బి మారదు, ఆ పాత లిస్ట్ దాని దగ్గరే ఉంటది. మూడూ కరెక్ట్‌గా చెప్పినోడిని ఇంక వదిలెయ్యొచ్చు.

బిట్ పేపర్ ఇస్తే ప్రతి తప్పు ఆప్షన్ వెనకా ఒక తప్పు ఆలోచన ఉండాలి. టోటల్ = 0 తో మొదలెట్టి, రేంజ్(1, 5)లో, అంటే 1 నుంచి 4 దాకా, ఒక్కో ఐని టోటల్‌కి కలుపుకుంటూ పోతే 10 వస్తది. 15 పెట్టినోడు 5ని కూడా కలిపేశాడు, 4 పెట్టినోడు పాత టోటల్ ఎగిరిపోయి చివరి ఐ ఒక్కటే మిగులుద్దనుకుంటున్నాడు. "పైవేవీ కావు" మాత్రం పెట్టకండి బాబూ, అది టిక్ పెట్టినోడు ఏమనుకున్నాడో సింహాద్రి అప్పన్నకే తెలియాలి.

క్లాసులో అరవై మంది ఉంటే వేళ్లతో ఓటేయించండి, ఒకటో ఆప్షన్‌కి ఒక వేలు, రెండోదానికి రెండు, పక్కోడికి కనపడకుండా గుండె దగ్గరే. ఓట్లు చీలిపోతే ఆన్సర్ చెప్పకుండా పక్కపక్కోళ్లని వాదించుకోమని, మళ్లీ ఓటు. హార్వర్డ్‌లో ఎరిక్ మజూర్ ఫిజిక్స్ క్లాసులో మొదలెట్టిన పద్ధతే ఇది, ప్రోగ్రామింగ్‌కి కూడా బాగా పనిచేస్తది.

తర్వాత లిస్ట్‌లో ఒక్కో ఎక్స్‌నీ ఎమ్‌తో పోల్చి, చిన్నదైతే ఎమ్‌లో పెట్టే కోడ్ ఇచ్చి ఇది ఏం చేస్తోందో ఒక్క ముక్కలో తెలుగులోనే చెప్పమనండి. "ఎక్స్ చిన్నదైతే ఎమ్‌లో ఎక్స్ పెడతది సార్" అంటే లైన్లు చదువుతున్నాడంతే, "లిస్ట్‌లో అన్నిటికన్నా చిన్నది వెతుకుతోంది" అంటే అర్థమైనట్టు. అక్కడితో ఆపకుండా ఎమ్ = 0తో మొదలెట్టిన కోడ్ చూపించి, మే నెల వైజాగ్ టెంపరేచర్లు ఇచ్చి, మినిమమ్ ఎంతొస్తదిరా అనండి. ఏ టెంపరేచరూ 0 కన్నా తక్కువ కాదు కదా, కోడ్ 0 డిగ్రీలే చూపిస్తది. ఏటి, ఇది వైజాగా లంబసింగా అని క్లాసులో ఎవడో ఒకడు నవ్వితే వాడికి తప్పెక్కడుందో దొరికినట్టే.

సింటాక్స్ దగ్గరే, అంటే కోడ్ రాసే రూల్స్ దగ్గరే తడబడేవాళ్లకి లైన్లు కలగాపులగం చేసి వరసలో పేర్చమనండి, వీటినే పార్సన్స్ ప్రాబ్లమ్స్ అంటారు, 2006లో వచ్చాయి. అవసరం లేని లైన్ ఒకటి కలిపితే ఇంకా మంచిది.

రికర్షన్‌కి, అంటే ఫంక్షన్ తనని తానే పిలుచుకోవడానికి, ఒక్క ప్రశ్న చాలు. ఎన్ సున్నా కన్నా పెద్దదైతే ఎన్ ప్రింట్ చేసి, ఎన్-1తో తననే పిలిచి, తిరిగొచ్చాక మళ్లీ ఎన్ ప్రింట్ చేసే ఫంక్షన్‌కి 3 ఇవ్వండి. 3 2 1 1 2 3 రావాలి. 3 2 1 దగ్గర ఆగిపోయినోడు దాన్ని లూప్ అనుకుంటున్నాడు, వాడికి ఫ్యాక్టోరియల్ ఇంకో పదిసార్లు రాయించినా ఉపయోగం లేదు, స్టాక్ బొమ్మ, అంటే కాల్స్ ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు, గీయించి ఒక్కో కాల్ ఎక్కడికి తిరిగెళ్తుందో వేలు పెట్టి చూపించమనాలి.

వీటికి మార్కులు వెయ్యొద్దు. మార్కులనగానే పక్కోడి కాగితంలోకి తొంగిచూస్తారు, అప్పుడు ఎవరికి ఏది రాదో మనకి తెలీదు.