కరీబియన్ చిన్న వ్యాపారి కొత్త విదేశీ మార్కెట్ పట్టుకోవడం ఎలా?

కరీబియన్ దీవుల్లో చిన్న వ్యాపారులకు ఎగుమతి అనగానే మయామి, న్యూయార్క్, టొరంటో గుర్తొస్తాయి. చుట్టాలు అక్కడే ఉంటారు, ఇంగ్లిష్‌తో పని జరిగిపోతుంది. కానీ అందరూ అక్కడికే సరుకు పంపితే కొనేవాడు చెప్పిందే ధర. కస్టమ్స్ సుంకం లేకుండా అమ్ముకోగల మార్కెట్లు కూతవేటు దూరంలో ఉన్నా అటు చూసేవాళ్లు తక్కువ.

డొమినికానే తీసుకుందాం (డొమినికన్ రిపబ్లిక్ కాదు, అది వేరే దేశం). అక్కడ స్కాచ్ బానెట్ మిరపకాయలతో సాస్ చేసే చిన్న యూనిట్ మీదే అనుకోండి.

1. ఒక్క సరుకే ఎంచుకోండి

సాస్, జామ్, సబ్బు, కోకో అన్నీ ఒకేసారి పంపాలనిపిస్తుంది. వద్దు. ప్రతిదానికీ వేరే పరీక్షలు, వేరే లేబుల్, వేరే ఖర్చు. పచ్చి మిరపకాయలైతే దారిలోనే కుళ్లిపోవచ్చు, పైగా ఫైటోశానిటరీ సర్టిఫికెట్ (చీడపీడలు లేవనే ధ్రువపత్రం) కావాలి. సీసాలో సాస్‌కు ఆ బెడద లేదు. దీవుల్లో దిగుబడి తక్కువ కాబట్టి చౌకగా ఎక్కువ అమ్మే పోటీలోకి దిగకండి. జమైకావాళ్ల బ్లూ మౌంటెన్ కాఫీ పండేది కొంచెమే. దాన్నే చెక్క పీపాల్లో జపాన్‌కు పంపి మంచి ధర రాబట్టుకున్నారు.

2. కోడ్ పట్టుకుని లెక్కలు చూడండి

సాస్‌ల హెచ్‌ఎస్ కోడ్ (సరుకును గుర్తించడానికి దేశాలన్నీ కస్టమ్స్‌లో వాడే అంకె) 2103.90. జెనీవాలోని అంతర్జాతీయ వాణిజ్య కేంద్రం (ఐటీసీ అంటారు, మన సిగరెట్ల కంపెనీ కాదు) నడిపే ట్రేడ్ మ్యాప్‌లో ఈ కోడ్ కొడితే ఏ దేశం ఎంత కొంటోందో తెలుస్తుంది. ఈ కోడ్ కింద మయోనీజ్, మసాలా మిశ్రమాలు కూడా ఉంటాయి. అందుకే అంకెలు చూసి మరీ సంబరపడకండి.

3. ముందు పక్క దీవి

డొమినికాకు ఉత్తరాన గ్వాడెలూప్, దక్షిణాన మార్టినీక్. రెండూ ఫ్రాన్స్‌లో భాగమే, చెల్లేది యూరో, నడిచేవి యూరోపియన్ యూనియన్ ఆహార నిబంధనలు. 2008లో కరీబియన్ దేశాల కూటమి కారిఫోరమ్, యూరోపియన్ యూనియన్ చేసుకున్న ఆర్థిక భాగస్వామ్య ఒప్పందం వల్ల మీ సాస్‌కు కస్టమ్స్ సుంకం సున్నా. నా దృష్టిలో ఇంత దగ్గరున్న అవకాశాన్ని వదిలి దూరం పోవడంలో అర్థం లేదు.

అయితే అక్కడి స్థానిక పన్ను ‘ఆక్ట్రా ద మేర్’ వేరుగా పడుతుంది. మీ సరుకుకు అదెంతో ముందే కనుక్కోండి. లేబుల్ ఫ్రెంచ్‌లో ఉండాలి. అలర్జీ కలిగించే పదార్థాలు (ఆవాలు వేస్తే అదీ అందులోకే వస్తుంది) ప్రత్యేకంగా కనిపించాలి. దిగుమతిదారు చిరునామా కూడా ఉండాలి.

సుంకం మినహాయింపు దానంతట అదే రాదు, సరుకు మీ దేశానిదేనని రుజువు చూపాలి. 6,000 యూరోల లోపు సరుకుకు ఇన్‌వాయిస్ మీద నిర్ణీత వాక్యం రాసి సంతకం చేస్తే చాలు. అంతకు మించితే మామూలుగా కస్టమ్స్ నుంచి ఈయూఆర్.1 సర్టిఫికెట్ తీసుకోవాలి. ఎక్కడో చేసిన సాస్ తెచ్చి ఇక్కడ సీసాల్లో నింపినంత మాత్రాన అది డొమినికా సరుకు కాదు. బ్రిటన్‌ది వేరే ఒప్పందం, 2019లో సంతకాలయ్యాయి, 2021 నుంచి నడుస్తోంది. దానికి లేబుల్ కూడా వేరే.

4. అమెరికా అయితే ముందు పీహెచ్ చూపించండి

చాలామంది టెన్షన్ పడేది ఇక్కడే. సాస్ పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 4.6 లేదా అంతకన్నా తక్కువ ఉండాలి. లేకపోతే బోటులిజం (ప్రాణాంతకమైన ఆహార విషప్రభావం) తెచ్చే బ్యాక్టీరియా పెరిగే ప్రమాదం ఉంటుంది. వెనిగర్‌తో పులుపు తెచ్చిన సాస్ సాధారణంగా ‘యాసిడిఫైడ్ ఫుడ్’ కింద లెక్క. అలాంటిదాన్ని అర్హత ఉన్న ప్రాసెస్ నిపుణుడితో పరీక్ష చేయించి, తయారీ విధానాన్ని ఎఫ్‌డీఏ (అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ) దగ్గర దాఖలు చేయాలి.

ఎఫ్‌డీఏ దగ్గర యూనిట్ రిజిస్ట్రేషన్ ఉచితమే, కానీ అమెరికాలో ఒక ఏజెంట్ ఉండాలి. సరి సంఖ్య ఏడాదుల్లో అక్టోబర్, డిసెంబర్ మధ్య రెన్యువల్ చేయించాలి. ఓడలో వెళ్లే సరుకైతే చేరడానికి కనీసం 8 గంటల ముందు నోటీసు పంపాలి. జమైకా అకీ పండు కథ తెలుసా? అందులో ఉండే విషపదార్థం వల్ల 1973లో అమెరికా దిగుమతి ఆపేసింది. 2000లో గానీ మళ్లీ తలుపు తెరవలేదు, అదీ ఆమోదం పొందిన ఫ్యాక్టరీలకే.

సుంకం సంగతీ చూసుకోండి. 1980ల నుంచి కరీబియన్ సరుకులో చాలా భాగానికి అక్కడ మినహాయింపు ఉంది. 2025 ఏప్రిల్‌లో అమెరికా చాలా దేశాలపై కనీసం 10 శాతం అదనపు సుంకం ప్రకటించింది. కొటేషన్ ఇచ్చే రోజున ఉన్న రేటు చూడకుండా ధర చెప్పకండి.

5. ధర వెనక నుంచి కట్టండి

షాపులో పోటీ సీసా ఎంతకు అమ్ముతోందో చూసి, అందులోంచి షాపు మార్జిన్, పంపిణీదారు మార్జిన్, పన్నులు, రవాణా తీసేయండి. మిగిలినదాంట్లో మీ ఖర్చు పట్టకపోతే ఆ మార్కెట్ మీది కాదు. ఖాళీ సీసా, మూత దిగుమతి చేసుకుంటున్నారేమో, అదీ కలపండి. ఎఫ్‌ఓబీ ధరా (ఓడ ఎక్కించే వరకే మీ ఖర్చు), సీఐఎఫ్ ధరా (ఓడ కిరాయి, బీమా కూడా కలిపి) అన్నది రాతపూర్వకంగా ఉండాలి.

6. కొనేవాణ్ని వెతకండి

బార్బడోస్ కేంద్రంగా పనిచేసే కరీబియన్ ఎక్స్‌పోర్ట్ డెవలప్‌మెంట్ ఏజెన్సీని సంప్రదించండి. వాణిజ్య ప్రదర్శనలకు తీసుకెళ్లేది వీళ్లే. మొదటి ఆర్డర్‌కు కొంత అడ్వాన్స్ అడగండి, మొహమాటం వద్దు.

తుఫాను వస్తే సరుకు ఎలా ఇస్తారని కొనేవాళ్లు తప్పకుండా అడుగుతారు. 2004లో ఐవాన్ గ్రెనడా జాజికాయ తోటల్ని నేలమట్టం చేసింది, 2017లో మరియా డొమినికానే తుడిచిపెట్టింది. మిరపకాయల్ని రుబ్బి ఉప్పు కలిపిన ముద్దను డ్రమ్ముల్లో నిల్వ ఉంచడం, దీవికి రెండు వైపులా రైతులతో ఒప్పందం పెట్టుకోవడం మీ జవాబు కావాలి. ఆ నిల్వతో ఎన్ని నెలలు సరఫరా చేయగలరో లెక్కగట్టి, ఒప్పందంలో అంతకే మాట ఇవ్వండి.