తెర గీద్దాం – 6వ పాఠం: తెరిచున్న ట్యాబ్ ఏదో తెలియాలి

కిందటి పాఠంలో కర్నూలు మార్కెట్ యార్డులోని ఉల్లిగడ్డల మండీ కోసం లెక్కల యాప్ మొదలుపెట్టాం. నాలుగు ట్యాబ్‌ల పేర్లు ఖాయం చేసుకున్నాం: రాక, వేలం, చెల్లింపు, బాకీ. సరుకు యార్డులో నడిచే వరుసనే ట్యాబ్‌లకూ పెట్టుకున్నాం. ఈసారి ఒకటే పని. ఆ నాలుగింటిలో ఇప్పుడు ఏది తెరిచి ఉందో గుమాస్తాకు తెర మీద కన్ను పడగానే తెలియాలి.

చెల్లింపు పేజీ, బాకీ పేజీ రెండూ చూడ్డానికి దాదాపు ఒకేలా ఉంటాయి: రైతు పేరు, తేదీ, మొత్తం. గుమాస్తా 12,400 అని కొడుతున్నప్పుడు ఎదురుగా రైతు నిలబడి ఉంటాడు, పక్కన హమాలీ కూలి అడుగుతుంటాడు, ఫోన్ మోగుతుంటుంది. తల తిప్పి మాట్లాడి మళ్లీ తెర వైపు చూసిన మనిషి 'ఇప్పుడు యాడున్నాను?' అని ఆలోచించుకుంటూ కూర్చోడు. చెయ్యి ఆగిన చోటి నుంచే మొదలుపెడతాడు. తెర చెప్పకపోతే, రైతుకు ఇచ్చిన డబ్బు ఇంకా ఇవ్వాల్సిన బాకీగా పడిపోతుంది. అది బయటపడేది ఆ రైతు మళ్లీ సరుకు తెచ్చిన రోజున, అందరి ముందూ. ఇది అలంకారం సంగతి అనుకుని ఈ పాఠాన్ని దాటేయకండి.

ట్యాబ్, పేజీ ఒకే ముక్క

పాత ఖాతా పుస్తకం గుర్తు తెచ్చుకోండి. అంచుకు చీటీలు అంటించి, ఒక్కో చీటీ మీద ఒక్కో పేరు రాసేవారు. చీటీ పట్టుకుని తిప్పితే దానితోపాటే పేజీ వచ్చేది. తెర మీది ట్యాబ్‌కు మూలం ఇలాంటి చీటీలే. 1995లో వచ్చిన విండోస్ 95 సెట్టింగ్స్ పెట్టెల్లో ఈ సంగతి చక్కగా పాటించారు: ఎంచుకున్న ట్యాబ్ మిగతావాటికన్నా రవ్వంత ఎత్తుగా ఉంటుంది, దాని కింది గీత చెరిగిపోయి, ట్యాబూ పేజీ ఒకటే కాగితంలా కలిసిపోతాయి. తర్వాత తర్వాత ఆ కలయిక పోయింది. 2021 జూన్‌లో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 89 బ్రౌజర్‌లో ట్యాబ్‌లు కింది పట్టీ నుంచి విడిపోయి, గాలిలో తేలే బటన్లలా మారాయి. ఫోన్ యాప్‌లలో ఎక్కువగా పేరు కింద ఒక సన్న గీత మాత్రమే మిగిలింది.

నా మట్టుకు నాకు పాత పద్ధతే మేలనిపిస్తుంది, ముఖ్యంగా రోజంతా లెక్కలు కొట్టే మనుషులకు. బటన్ 'నన్ను నొక్కు' అంటుంది. పేజీతో కలిసిన ట్యాబ్ 'నువ్వు ఇక్కడున్నావు' అంటుంది. మనకు కావలసింది రెండో మాట.

ఫిగ్మా, ఇంక్‌స్కేప్ లాంటి బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ తీసుకున్నా, గళ్ల కాగితం తీసుకున్నా సరే, ఇప్పుడే గీయండి. తెర పైభాగాన ముదురు నీలం పట్టీ. పట్టీ మీద మూడు ట్యాబ్‌ల పేర్లు తెల్ల అక్షరాలతో. తెరిచున్న ట్యాబ్ తెల్లగా, దాని పేరు అదే నీలంలో. కింద పేజీ కూడా తెలుపే. తెల్ల ట్యాబ్‌కూ తెల్ల పేజీకీ మధ్య ఏ గీతా రాకూడదు. మిగతా మూడింటి కింద మాత్రం నీలం పట్టీ అంచు తెగినట్టు కనిపించాలి.

ఎంత తేడా ఉంటే తేడా అంటాం?

చాలా యాప్‌లలో తెరిచున్న ట్యాబ్ తెలుపు, మిగతావి లేత బూడిద. గీసేవాడి గదిలో, మంచి మానిటర్ మీద అది అందంగానే ఉంటుంది. దాన్ని లెక్కేసి చూద్దాం.

వెబ్ ప్రమాణాల సంస్థ 2018లో వెలువరించిన సౌలభ్య నియమాలు, అంటే డబ్ల్యూసీఏజీ 2.1, మామూలు సైజు అక్షరాలకూ వాటి వెనక రంగుకూ మధ్య 4.5:1 కాంట్రాస్ట్ (రెండు రంగుల వెలుగుల నిష్పత్తి) కావాలంటాయి. ఒక భాగం ఏ స్థితిలో ఉందో తెలిపే గుర్తుకు పక్క రంగుతో కనీసం 3:1 ఉండాలి. లెక్క సులువే. నలుపు వెలుగును 0గా, తెలుపు వెలుగును 1గా తీసుకుంటారు. రెండు రంగుల వెలుగులకూ చెరో 0.05 కలిపి, పెద్దదాన్ని చిన్నదానితో భాగిస్తారు. ఆ 0.05 తెర మీద పడే బయటి వెలుతురు కోసం.

తెర రంగులను ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్లలో, ఒక్కోదాన్ని 0 నుంచి 255 దాకా, కొలుస్తారు. మూడూ 240 ఉన్న లేత బూడిద తీసుకుంటే దాని వెలుగు 0.87. అంటే 1.05ను 0.92తో భాగించాలి: 1.14. కావలసిన 3కు చాలా దూరం. తెలుపు పక్కన 3 రావాలంటే బూడిద 148 దాకా ముదరాలి. మన నీలం (ఎరుపు 0, ఆకుపచ్చ 51, నీలం 153) తెలుపుతో దాదాపు 10.9 ఇస్తుంది.

ఇక్కడ యార్డును తలుచుకోవాలి. మండీ షెడ్డుకు ముందువైపు గోడ ఉండదు. మే నెలలో కర్నూలు ఎండ తెర మీద పడితే బయటి వెలుతురు 0.05 దగ్గర ఆగదు. తెర మీద మెరిసే ఎండ, తెర సొంత తెలుపులో సగం ఉందనుకుందాం. ఇప్పుడు 0.05 బదులు 0.5 కలపండి. లేత బూడిద ట్యాబ్ 1.09కి పడిపోతుంది, అంటే తేడా మాయమైనట్టే. నీలం కూడా 10.9 నుంచి 2.7కి దిగుతుంది, కానీ ఇంకా కంటికి ఆనుతుంది. నియమం అడిగే 3 దగ్గరే ఆగిపోకుండా ముదురు రంగు ఎంచుకున్నది అందుకే. నీడపట్టున కూర్చుని గీసేవాళ్లం ఎండలో పనిచేసేవాళ్ల కోసం కాస్త ఎక్కువ మిగులు పెట్టాలి.

రంగు మారితే చాలదు, వెలుగులో తేడా రావాలి. పసుపు, తెలుపు వేరువేరు రంగులే, కానీ వాటి మధ్య కాంట్రాస్ట్ 1.07. నిండు ఎరుపుకూ మామూలు ఆకుపచ్చకూ (0, 128, 0) మధ్య 1.28. ఎరుపు-ఆకుపచ్చ తేడా సరిగా కనిపించని వాళ్లు మగవాళ్లలో ఎక్కువ, ఎందుకంటే ఆ జన్యువులు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటాయి. మన గుమాస్తాల్లోనూ ఉంటారు, చాలామందికి తమకు అలా ఉందని తెలియను కూడా తెలియదు. కాబట్టి తెరిచున్న ట్యాబ్‌కు కనీసం రెండు గుర్తులు పెట్టండి, వాటిలో ఒకటి రంగు కానిది కావాలి. మన బొమ్మలో పేజీతో కలిసిపోవడమే ఆ రెండో గుర్తు. ట్యాబ్‌ను నాలుగు పిక్సెళ్లు ఎత్తు పెంచితే ఇంకా బలం.

ఒక జాగ్రత్త. తెరిచున్నదాన్ని ఎత్తి చూపాలని మిగతావాటి అక్షరాలను వెలవెలబోయేలా చేయకండి. మసకబారిన పేరు చూస్తే 'ఇది ఇప్పుడు పనిచేయదు' అనుకుని దాన్ని నొక్కనే నొక్కరు.

మన అక్షరాల సంగతి

ఇంగ్లిష్ అక్షరాల కోసం పుట్టిన రెండు కిటుకులు తెలుగులో తిప్పలు పెడతాయి: పేరు కింద గీత, పేరును బోల్డ్ చేయడం.

'చెల్లింపు' అని రాసి అండర్‌లైన్ పెట్టి చూడండి. ల కింది వత్తు గీతకు తగులుతుంది. ఇప్పటి బ్రౌజర్లు అక్షరం తగిలిన చోట గీతను తెంపేస్తాయి, కాబట్టి ఒక గీత కాస్తా ముక్కలవుతుంది. 'వేలం' కింద మాత్రం తెగకుండా తిన్నగా ఉంటుంది. అంటే ఒకే గుర్తు ఒక్కో ట్యాబ్ కింద ఒక్కోలా కనిపిస్తుంది. గీత కావాలంటే అక్షరానికి కాకుండా ట్యాబ్ పెట్టెకు పెట్టండి. అదీ కింద వద్దు, పై అంచున. కింద పెడితే ట్యాబ్‌నూ పేజీనీ మనమే మళ్లీ విడదీసినట్టు. పై అంచున నాలుగు పిక్సెళ్ల నారింజ పట్టీ (255, 153, 0) పెడితే, చుట్టూ ఉన్న నీలంతో దానికి 5 దాకా కాంట్రాస్ట్ వస్తుంది. 'బాకీ'లోని గుడిదీర్ఘం పట్టీకి తగలకుండా పైన జాగా వదలండి. తెలుగుకు పైనా కిందా రెండు వైపులా ఊపిరాడాలి.

బోల్డ్ ఇంకా చిక్కు. చిన్న సైజులో మ, య, ఘ లాంటి అక్షరాల సున్నాలు పూడుకుపోతాయి. చదవాల్సిన పేరే ముద్దవుతుంది. పైగా బోల్డ్ అయిన పేరు వెడల్పు పెరిగి, పక్క ట్యాబ్‌లను నెట్టేస్తుంది. నొక్కిన ప్రతిసారీ వరుస అంతా కదిలితే వేలు తప్పు చోట పడుతుంది. నోటో సాన్స్ తెలుగు, నిర్మల యూఐ రెండింటిలోనూ రాసి పోల్చి చూడండి. బోల్డ్ పెట్టక తప్పకపోతే, ట్యాబ్ వెడల్పు ముందే ఖాయం చేసి పెట్టండి.

రెండే ట్యాబ్‌లు ఉన్నప్పుడు

ఈ చిక్కును చాలామంది గమనించరు. బాకీ పేజీలో మళ్లీ రెండు చిన్న ట్యాబ్‌లున్నాయి: రైతు, వ్యాపారి. ఒకటి నీలం, ఒకటి తెలుపు. ఏది తెరిచి ఉంది? నీలం నిండుగా ఉంది కాబట్టి నీలమా? పేజీ తెల్లగా ఉంది కాబట్టి తెలుపా? ఇద్దరిని అడిగితే రెండు జవాబులు రావచ్చు. నాలుగు ఉన్నప్పుడు మూడు ఒకలా, ఒకటి వేరేలా ఉంటాయి, ఆ ఒంటరిదే తెరిచున్నదని కన్ను పట్టేస్తుంది. రెండే ఉన్నప్పుడు పోల్చుకోవడానికి మూడోది లేదు. కాంట్రాస్ట్ 10 ఉన్నా ఇక్కడ ఉపయోగం లేదు.

దీనికి రెండు మందులు. పేజీతో కలపడం ఇక్కడా పనిచేస్తుంది. అది కుదరకపోతే ట్యాబ్‌లే మానేసి, ముందు గుండ్రం ఉండి ఎంచుకున్నదానిలో చుక్క పడే రేడియో బటన్లు పెట్టండి. ఏది పెట్టినా, పేజీ లోపల పెద్ద అక్షరాల్లో 'రైతు బాకీ' అని శీర్షిక రాయండి. గుమాస్తా కన్ను అంకెలు కొట్టే గడి దగ్గరే ఉంటుంది, పైకి పోదు. ఆ గడికి దగ్గరగా ఉన్న పేరు అన్నిటికన్నా ముందు కనబడుతుంది.

చూపు లేనివారు, తెర మీదిది చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తో వాడితే ఈ రంగులేవీ వారికి అందవు. కోడ్‌లో తెరిచున్న ట్యాబ్‌కు ఏరియా-సెలెక్టెడ్ (aria-selected) అనే గుర్తును ట్రూ అని పెడితే, ఎన్‌వీడీఏ లాంటి ఉచిత రీడర్ అది ఎంచుకున్న ట్యాబ్ అని పలుకుతుంది. దీన్ని కోడ్ పాఠంలో విడిగా చేద్దాం.

వచ్చే పాఠానికి చేయాల్సినవి

మీ బొమ్మను మూడు రకాలుగా పరీక్షించండి. కళ్లు సగం మూసి చూడండి, పేర్లు చదవలేకపోయినా తెరిచున్న ట్యాబ్ ఏదో తెలియాలి. తర్వాత రంగు తీసేసి చూడండి: విండోస్ 11 సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, అందులో కలర్ ఫిల్టర్స్, గ్రేస్కేల్. చివరగా బొమ్మను ఫోన్‌లోకి ఎక్కించి, వెలుతురు సగానికి తగ్గించి, మధ్యాహ్నం ఎండలోకి పట్టుకెళ్లండి. మీ బొమ్మ ఎన్నడూ చూడని ఒకరికి ఫోన్ ఇచ్చి, 'ఇప్పుడు ఏ పేజీలో ఉన్నావు?' అని మాత్రమే అడగండి. ఏ ట్యాబ్ చూడాలో చూపించకండి. తడుముకుంటే ఎక్కడ తడుముకున్నారో రాసుకోండి.

7వ పాఠంలో క్వింటా, కిలో గడుల్లోకి వెళ్దాం. ఈ బొమ్మ అక్కడ మళ్లీ కావాలి, చెరిపేయకండి.