మన బండి మనమే చూసుకుందాం – 5వ పాఠం: నలభై అంటే ఎండ కాదు

పోయిన పాఠంలో నేను రాసిన ఒక్క వాక్యం నా మెడకే చుట్టుకుంది. "ఎండాకాలంలో కాస్త చిక్కటి ఆయిల్ పోసినా నష్టమేమీ లేదు" అన్నాను. ఏ బండికి, ఎంత చిక్కగా అన్నది రాయలేదు, మీకు తెలిసిందేలే అనుకున్నాను. తప్పు నాదే. ఈసారి చైన్ గురించి చెబుతానని మాటిచ్చినా దాన్ని పక్కన పెట్టి మళ్ళీ ఇంజన్ ఆయిల్ దగ్గరికే వచ్చాను.

ముందు జరిగిన నష్టం చెప్తాను. ప్రొద్దుటూరు నుంచి ఒకబ్బాయి ఫోన్ చేశాడు. వాళ్ళ అక్క స్కూటర్‌లో ఉండాల్సింది 10డబ్ల్యూ-30 గ్రేడ్ ఆయిల్ (డబ్బా మీద ఉండే ఈ నంబర్ల అర్థం కింద చెప్తాను). ఇతను నా పాఠం చదివి 20డబ్ల్యూ-50 పోశాడు. ఎందుకు నాయనా అంటే, "అన్నా, మనకాడ ఎండ నలభై నాలుగు, నలభై ఐదు కొడతాంది గదా, నలభై నంబరుదైతే చాలదని ఏకంగా యాభై పోస్తి" అన్నాడు. బండి ఏమీ చెడిపోలేదు గానీ బరువుగా లాగుతోంది, పికప్ చచ్చింది. మైలేజీ నాలుగైదు కిలోమీటర్లు పడిపోయిందంటాడు, నేనైతే రెండుకు మించి నమ్మను.

రాయచోటి నుంచి ఇంకొకాయన కథ వేరు. కారు సర్వీసులో మిగిలిన 5డబ్ల్యూ-30 డబ్బా ఇంట్లో ఉంది, బైక్‌కు కావాల్సింది 10డబ్ల్యూ-30, చివర ముప్పై ఉంది కదా అని పోసేశాడు. ఊళ్ళో తిరిగినన్నాళ్ళూ తెలియలేదు. గువ్వలచెరువు ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజన్ గోల పెడుతోందట, బండి మాత్రం ముందుకు పోదట. దాని సంగతి తర్వాత చెప్తాను.

ఇప్పుడు అసలు మాట. 20డబ్ల్యూ-40 అంటే ఇరవై డిగ్రీల నుంచి నలభై డిగ్రీల దాకా పనిచేసే ఆయిల్ అని అర్థం కాదు. కాదు గాక కాదు. ఇది చెప్పీ చెప్పీ నా నోరు ఎండిపోతోంది, ఎందుకంటే ఆయిల్ అమ్మే కౌంటర్ల దగ్గరే ఈ మాట పుడుతోంది. "ఎండలు ముదిరినాయి, ఫిఫ్టీ తీసుకో సార్" అంటారు, మనం తలూపి తెచ్చుకుంటాం. ఒక్కసారి ఆలోచించండి, కొత్త పెట్రోలు కార్లలో చాలావాటికి కంపెనీ చెప్పేది 0డబ్ల్యూ-20, కొన్నిటికి 0డబ్ల్యూ-16 కూడా. మీ లెక్క ప్రకారం అవి ఇరవై డిగ్రీలకే చేతులెత్తేయాలి. మరి మే నెల మధ్యాహ్నం ఆ కార్లు కడప ఏడు రోడ్ల కూడలిలో ఏసీ వేసుకుని సిగ్నల్ దగ్గర నిలబడటంలా?

ఆ నంబర్లు డిగ్రీలు కావు, చిక్కదనానికి ఎస్ఏఈ అనే సంస్థ పెట్టిన పేర్లు, అంతే. డబ్ల్యూ అంటే వింటర్. దాని ముందున్న అంకె చలిలో ఆయిల్ ఎంత గడ్డకట్టినట్టు అవుతుందో చెబుతుంది. ఆ చలి కూడా మన చలి కాదు. 20డబ్ల్యూ ఆయిల్‌ను మైనస్ 15 డిగ్రీల దగ్గర పరీక్షిస్తారు, 10డబ్ల్యూను మైనస్ 25 దగ్గర, 5డబ్ల్యూను మైనస్ 30 దగ్గర. మనకు డిసెంబరు తెల్లవారుజామున స్వెటర్ వేసుకునేంత చలి ఉంటే అదే గొప్ప. కాబట్టి ఇంజన్ తిరగనంతగా ఆయిల్ బిగుసుకుపోతుందన్న భయం మనకు లేదు. చివరి అంకె మాత్రం వంద డిగ్రీల వేడిలో ఆయిల్ ఎంత చిక్కగా మిగిలిందో చెబుతుంది. కొలత పేరు సెంటీస్టోక్. మామూలు నీళ్ళు ఒకటి అనుకోండి. వంద డిగ్రీల దగ్గర 30 నంబరు ఆయిల్ 9.3 నుంచి 12.5 లోపు ఉండాలి, 40 అయితే 12.5 నుంచి 16.3 లోపు, 50 అయితే 16.3 నుంచి 21.9 లోపు.

వంద డిగ్రీలే ఎందుకంటే, ఇంజన్ వేడెక్కాక ఆయిల్ ఇంచుమించు అక్కడే ఉంటుంది. నీళ్ళ కూలింగ్ ఉన్న ఇంజన్‌లో వేడిని ఇంచుమించు ఒకే చోట నిలిపే థర్మోస్టాట్ ఉంటుంది, బయట ఇరవై ఉన్నా నలభై ఐదు ఉన్నా దాని పని అది చేసుకుంటుంది. ఎయిర్‌కూల్డ్ బైక్‌కు ఎండ కొంత తగులుతుంది, కాదనను, ఘాట్‌లో ఫస్ట్ గేర్‌లో పాకుతుంటే ఇంకా తగులుతుంది. అయితే ఇక్కడ అమ్మే బండికి గ్రేడ్ రాసేటప్పుడు ఆ ఎండనూ లెక్కలో పెట్టుకునే రాస్తారు. కొన్ని మాన్యువల్స్‌లో థర్మామీటర్ బొమ్మ వేసి పక్కన గ్రేడ్ల గీతలు గీసి ఉంటాయి, బహుశా ఈ అపోహ అక్కడే మొదలైంది. ఆ పట్టిక ఉంటే అందులో ఉన్న గ్రేడ్లలోనే ఎంచుకోండి. నేను పోయినసారి చెప్పాల్సిన మాట అదే: పట్టికలో రెండు గ్రేడ్లుంటే వేసవిలో చిక్కటిది తీసుకోవచ్చు. పట్టికలో లేనిది వద్దు.

చిక్కటిదైతే ఇంజన్‌కు బలం కదా అని ఇంకా అడిగేవాళ్ళకు ఆముదం చూపిస్తాను. చలికాలం పొద్దున ఆముదం సీసా వంచితే ధార మొదలవ్వడానికి ఓపిక కావాలి. అదే గరిటెలో పోసి పొయ్యి మీద కాసేపు పెట్టండి, చెనిక్కాయ నూనె మాదిరి జారిపోతుంది. వంద డిగ్రీల దగ్గర ఆముదం చిక్కదనం మన 50 నంబరు ఆయిల్‌కు దగ్గరగానే ఉంటుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఎన్నో విమానాల ఇంజన్లకు ఆముదమే పోశారు. ఇబ్బందంతా చల్లగా ఉన్నప్పుడే. ఇంజన్ ఆయిల్‌కూ అంతే: 40 డిగ్రీల దగ్గర 10డబ్ల్యూ-30 దాదాపు 70 సెంటీస్టోక్‌లు ఉంటే 20డబ్ల్యూ-50 నూటయాభై దాటుతుంది. అంటే మన ఎండలో నిలబెట్టిన బండిలో కూడా, స్టార్ట్ చేసిన మొదటి క్షణాల్లో, ఆ ఆయిల్ రెండింతలు చిక్కగా ఉంటుంది. సన్న సందుల కోసం తయారైన ఇంజన్‌లో అది పైన వాల్వులను తెరిచే క్యామ్ దాకా చేరడానికి ఆలస్యం, తిప్పడానికి పెట్రోలు ఖర్చు. స్కూటర్ అబ్బాయికి జరిగింది అదే.

ఇక రాయచోటి ఆయన. బైక్‌లో ఇంజన్, గేర్లు, క్లచ్ ప్లేట్లు మూడూ ఒకే ఆయిల్‌లో నానుతుంటాయి. కారు ఆయిల్‌లో రాపిడి తగ్గించే మందు కలిపి ఉండొచ్చు, ఇంజన్‌కు అది మేలే, క్లచ్ ప్లేట్లకు మాత్రం రాపిడే ప్రాణం. అది తగ్గితే ప్లేట్లు జారతాయి, ఘాట్‌లో ఇంజన్ గోల పెట్టినా బండి కదలనిది అందుకే. అందుకే డబ్బా మీద జాసో (జపాన్ వాళ్ళ ప్రమాణం) ఎంఏ లేదా ఎంఏ2 అని చూసుకోవాలి. గేర్లు లేని స్కూటర్ క్లచ్ ఆయిల్‌లో మునగదు, దానికి ఎంబీ. ఆయన ఆయిల్ మార్చాక రెండు రోజుల్లో క్లచ్ పట్టు దొరికింది, అదృష్టం.

గ్రేడ్ ఎంచుకోవడానికి మరి పెద్ద విద్య ఏమీ లేదు. మాన్యువల్ తీయండి, అందులో ఉన్నదే పోయండి. స్ప్లెండర్‌కూ యాక్టివాకూ 10డబ్ల్యూ-30 (ఎంఏ, ఎంబీ తేడా మరవకండి), 350 బుల్లెట్ యూసీఈ ఇంజన్‌కు (ఇంజన్, గేర్‌బాక్సు ఒకే పెట్టెలో ఉండేది) 15డబ్ల్యూ-50, పాత పల్సర్‌లకు 20డబ్ల్యూ-50, డీజిల్ జీపులకు, ట్రాక్టర్లకు ఎక్కువగా 15డబ్ల్యూ-40. డ్రెయిన్ నట్టు విప్పడం, లెవెల్ చూడటం మీకొచ్చు, రాయను. నా పాత బైక్ తొంభై వేల కిలోమీటర్లు దాటి ఆయిల్ తాగుతోంది కాబట్టి దానికి నేను 10డబ్ల్యూ-30 బదులు 20డబ్ల్యూ-40 పోస్తాను. పిస్టన్ రింగులు మార్చడానికి బద్ధకం, అంతే. దీన్ని పాఠం అనుకుని మీరు పాటించకండి, మళ్ళీ నాకు ఫోన్లు భరించే ఓపిక లేదు.

అభ్యాసం ఈసారి కాస్త కష్టమే. ఇలా డబ్ల్యూకు ముందొకటి, చివరొకటి రెండు నంబర్లున్న ఆయిళ్ళలో వేడికి మరీ పల్చబడకుండా పట్టి ఉంచే పాలిమర్ ఉంటుంది, బైక్ గేర్ల పళ్ళ మధ్య నలిగి అది తెగుతుంది. ఎంత తెగిందో మీరే కొలవండి. మీ బండి నుంచి దించిన ఆయిల్ ఒక సీసా, అదే గ్రేడ్ కొత్తది ఒక సీసా తీసుకుని రెంటినీ ఒకే బక్కెట్ నీళ్ళలో అరగంట ఉంచండి, వేడి సమానం కాకపోతే లెక్క తప్పుతుంది. సన్న మూతి గరాటా ఒకటే వాడాలి. పాత ఆయిల్ ముందు గుడ్డలో వడగట్టండి. వంద మిల్లీలీటర్లు పోసి, ధార తెగేదాకా ఫోన్‌లో సెకన్లు చూడండి. ఒక్కోటి మూడుసార్లు. వేడికి చిక్కదనం ఎంత మారుతుందో చూడటానికి, కొత్త ఆయిల్‌తో మాత్రం బక్కెట్ లేకుండా, తెల్లవారి ఐదింటికి ఒకసారి, ఎండలో పెట్టి మధ్యాహ్నం రెండింటికి ఇంకోసారి చేయండి. పాతది తొందరగా కారితే పాలిమర్ తెగిందన్నా అయ్యుండాలి, పెట్రోలు కలిసిందన్నా అయ్యుండాలి, మూత తీసి వాసన చూస్తే పెట్రోలు సంగతి తెలిసిపోతుంది. ఆలస్యంగా కారితే మసి చేరింది, లేదా మాడింది. రంగు చూసి తీర్పు చెప్పకండి, డీజిల్ బండిలో పోసిన కొద్ది రోజులకే నల్లబడుతుంది. చేతులకు గ్లవ్స్ వేసుకోండి, పాత ఆయిల్ మురిక్కాలువలో పోయొద్దు, డబ్బాలో పట్టి షెడ్డుకు ఇవ్వండి.

సెకన్లన్నీ కాగితం మీద రాసి, బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగాక ఆ ఆయిల్ దించారో పక్కనే వేసి ఉంచండి. చైన్ పాఠం కంటే ముందు ఆ లెక్కే చూద్దాం.