జెడ్‌ఓఎస్ యూనిక్స్‌లో అసెంబ్లర్: ఫైల్ పేరులో స్మాల్ లెటర్స్ ఎక్కడ పోతాయి, ఎలా పట్టుకోవాలి

ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్ సిస్టమ్ జెడ్‌ఓఎస్‌లో యూనిక్స్ ఫైల్ తెరవడానికి ప్రోగ్రామ్‌లో బీపీఎక్స్1ఓపీఎన్ అనే సర్వీస్‌ని కాల్ చేశారు, రిటర్న్ వాల్యూ మైనస్ 1, రిటర్న్ కోడ్ 129 వచ్చింది, అంటే ఆ పేరుతో ఫైల్ లేదని, కానీ షెల్‌లోకెళ్లి ఎల్‌ఎస్ కొడితే ఫైల్ అక్కడే కనపడుతోంది. ఇలా అయితే పర్మిషన్ల జోలికి వెళ్లకండి, ముందు పేరు కేస్ (స్మాలా, క్యాపిటలా అన్నది) చూడండి. డేటాసెట్ (మెయిన్‌ఫ్రేమ్ సొంత ఫైల్) పేర్లన్నీ క్యాపిటల్సే కాబట్టి మనకి ఆ ధ్యాస ఉండదు, యూనిక్స్ వైపు మాత్రం పేరు బైటుకి బైటు కలవాల్సిందే.

లేబుల్స్, ఆప్‌కోడ్స్ ఏ కేస్‌లో రాసినా అసెంబ్లర్ పట్టించుకోదు, డీసీలో (కాన్‌స్టెంట్ రాసే స్టేట్‌మెంట్‌లో) కోట్స్ మధ్య రాసింది మాత్రం ఉన్నది ఉన్నట్టే ఉంచుతుంది. మరి ఎవరు మార్చారు అంటే చాలాసార్లు మనం సోర్స్ టైప్ చేసే ఐఎస్‌పీఎఫ్ ఎడిటరే. మెంబర్ (ఎడిట్ చేస్తున్న సోర్స్) అంతా క్యాపిటల్స్‌లో ఉంటే అదే క్యాప్స్ ఆన్ పెట్టేస్తుంది, మీరు పాత్ (డైరెక్టరీలతో సహా ఫైల్ పూర్తి పేరు) స్మాల్‌లో టైప్ చేసి ఎంటర్ కొట్టగానే లైన్ మొత్తం క్యాపిటల్స్ అయిపోతుంది. క్యాప్స్ ఆఫ్ అని కొట్టి ఆ లైన్ మళ్లీ టైప్ చేయండి, తర్వాత హెక్స్ ఆన్ చేసి చూసుకోండి: స్మాల్ ఏ అయితే 81, క్యాపిటల్ ఏ అయితే సీ1.

సోర్స్ బాగానే ఉండి రన్‌లో పోతుంటే ఓసీ ఇన్‌స్ట్రక్షన్ (బిట్లని ఆర్ చేసేది) కోసం వెతకండి. మెయిన్‌ఫ్రేమ్ వాడే అక్షరాల కోడ్ ఎబ్సిడిక్‌లో స్మాల్‌కీ క్యాపిటల్‌కీ తేడా ఒక్క హెక్స్ 40 బిట్టే, బ్లాంక్ కూడా 40 కదా, అందుకే పాత కోడ్‌లో పారామీటర్‌ని బ్లాంక్స్‌తో ఓసీ చేసి క్యాపిటల్స్ చేస్తారు. డేటాసెట్ పేరుకి అది చక్కని పద్ధతే, పాత్‌కి మాత్రం విషం, పైగా స్లాష్ 61, చుక్క 4బీ, రెండిట్లోనూ ఆ బిట్ ముందే ఉంది కాబట్టి అవి మారవు, డంప్‌లో పాత్ చూడ్డానికి మామూలుగానే ఉంటుంది. అందుకని మొదటి అక్షరం స్లాష్ అయితే ఓసీ దాటేసి వెళ్లేలా ఒక సీఎల్‌ఐ (ఒక బైటుని పోల్చే ఇన్‌స్ట్రక్షన్), ఒక బ్రాంచ్ పెట్టండి.

జాబ్ రన్ చేయడానికి రాసే జేసీఎల్‌లో అయితే పాత్ విలువ కోట్స్‌లో పెడితే చాలు.

మాక్రోలది (పేరుతో పిలిచి వాడుకునే కోడ్ ముక్కలు) దీనికి తిరగేసిన కథ. పీడీఎస్ (మెంబర్లుండే డేటాసెట్) నుంచి యూనిక్స్ డైరెక్టరీకి సీపీ కమాండ్‌తో కాపీ చేస్తే మెంబర్ పేర్లు స్మాల్ అయిపోతాయి, అసెంబ్లరేమో మాక్రో పేరుని క్యాపిటల్స్‌లో అడుగుతుంది, సిస్‌లిబ్‌లో (అసెంబ్లర్ మాక్రోల కోసం వెతికే చోటు) ఆ డైరెక్టరీ ఇచ్చినా దొరకదు. కాపీ చేసేటప్పుడే మైనస్ యూ ఆప్షన్ ఇవ్వండి, ఆ యూ కూడా క్యాపిటల్‌దే.