అష్టావధానానికి వెళ్తున్నారా? పెన్ను మరిచిపోకండి

ఎనిమిది మంది పృచ్ఛకులు, అంటే ప్రశ్నలడిగేవాళ్లు, అప్పటికప్పుడు పద్యాలల్లి జవాబిచ్చే ఒక్క అవధానిని చుట్టుముట్టి పద్యాలతో ఆడుకునే ఆట ఇది. ఛందస్సు రాదని భయపడి వెళ్లనివాళ్లు కొందరు. వెళ్లినా ఫోన్లో వీడియో తీసుకుంటూ కూర్చునేవాళ్లు ఇంకొందరు. ఈ రెండో రకాన్ని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

తెల్ల కాగితం, పెన్ను చాలు. పెన్సిలు మాత్రం వద్దు, హాల్లో వెలుతురు చాలదు. మూడో వరసలో కూర్చోండి. మొదటి వరసలో కూర్చుంటే, ఎవరో పెద్దమనిషి రాగానే మిమ్మల్ని లేపేస్తారు. మొదటిసారే శతావధానానికి పోకండి, వంద మంది పృచ్ఛకులతో రోజుల తరబడి సాగుతుంది.

ఒక్కో పృచ్ఛకుడిది ఒక్కో అంశం. సమస్య, దత్తపది, వర్ణన, ఆశువు లాంటివి వింటుంటే వాటంతటవే తెలిసిపోతాయి. మధ్యమధ్యలో సంబంధం లేని మాటలతో అవధానిని కదిలించే అప్రస్తుత ప్రసంగం ఉన్నదే నవ్వడానికి. మధ్యలో మోగే గంటల్ని మీరూ లెక్కపెట్టాలని చూడకండి, ఆ బాధ అవధానిది.

అసలు చిక్కు నిషిద్ధాక్షరి దగ్గర వస్తుంది. అవధాని పద్యాన్ని ఒక్కో అక్షరంగా చెబుతుంటే, తర్వాత ఫలానా అక్షరం రాకూడదని పృచ్ఛకుడు అడ్డుపడే అంశం ఇది. అవధాని 'శ్రీ' అన్నారనుకోండి. తర్వాత 'రామ' వస్తుందని ఊహించి ఆ పృచ్ఛకుడు 'ర' వద్దంటాడు. ర వద్దంటే మామూలుగా రా, రి, రు కూడా పోయినట్టే. అవధాని తప్పించుకుని 'క' అంటారు. 'శ్రీకర' అవుతుందేమోనని మళ్లీ 'ర' మీదే నిషేధం. ఇలా అక్షరం తర్వాత అక్షరం. అవధాని చెప్పింది పైన, వద్దన్నది దాని కిందే రాసుకోండి. రెండూ ఒకే వరసలో రాశారా, పది అక్షరాలకే గందరగోళం. గుర్తుపెట్టుకుంటానంటే కుదరదు.

పై వరసలో రాసిన రెండో అక్షరం చుట్టూ సున్నా చుట్టండి. ఇచ్చేది ఎక్కువగా కంద పద్యమే, అందులో ప్రతి పాదంలోనూ రెండో అక్షరం కలవాలి, అదే ప్రాస. పైన 'క' పడింది కాబట్టి మిగతా మూడు పాదాల్లోనూ ఆ చోట క గుణింతమే రావాలి. ఆ సున్నా లేకపోతే అవధాని ఎందుకు ఆలోచిస్తున్నారో మీకు అందదు.

ఒక పాదం కాగానే అవధాని వేరే పృచ్ఛకుల వైపు తిరుగుతారు. అయిపోయిందనుకుని కాగితం మడిచేయకండి, తర్వాతి ఆవృత్తిలో, అంటే తర్వాతి చుట్టులో, మళ్లీ ఇక్కడికే వస్తారు. ఓసారి నా పక్కాయన ఇక అక్కర్లేదనుకుని నా కాగితం మీద టీ కప్పు పెట్టాడు. రెండు నిషేధాలు తడిసిపోయాయి.

వీడియో ఉంటే ఇదంతా ఎందుకండీ అంటారు. నేను చూసిన వీడియోల్లో అవధాని గొంతు బాగానే వినిపిస్తుంది, వద్దన్న అక్షరాలు మాత్రం చప్పట్లలో కొట్టుకుపోతాయి.

భోజనాల బెంగతో ధారణకు ముందే లేవకండి. చివర్లో అవధాని పద్యాలన్నీ అప్పజెబుతారు. అంతసేపూ ముక్కలుముక్కలుగా వచ్చిన నిషిద్ధాక్షరి పద్యం అప్పుడు ధారగా వస్తుంది. కాగితం మీద వేలు పెట్టి పోల్చుకోండి. తేడా కనిపిస్తే ముందు మీ రాతనే అనుమానించండి.