పాత బైక్ డిస్క్ బ్రేకుకు ఏ బ్రేక్ ఆయిల్ పోయాలి?

షాపులో అందరూ బ్రేక్ ఆయిల్ అనే అడుగుతారు, కానీ అది ఆయిల్ కాదు. గ్లైకాల్ ఈథర్ జాతి ద్రవం, నీళ్లలో ఇట్టే కలిసిపోతుంది. పేరు వల్ల జరిగే నష్టం చిన్నదేమీ కాదు. 'ఆయిలే కదా' అని లెవెల్ తగ్గినచోట కాస్త ఇంజిన్ ఆయిల్ పోస్తే, లోపలి రబ్బర్లన్నీ రోజుల్లో ఉబ్బిపోతాయి. ఆ తర్వాత ఎంత మంచి ఫ్లూయిడ్ పోసినా ఉపయోగం ఉండదు.

ఆర్‌ఎక్స్ 100, రాజ్‌దూత్, యెజ్డీ, తొలినాటి స్ప్లెండర్ ఉన్నవాళ్లకు ఈ గొడవే లేదు. అవన్నీ కేబులుతోనో రాడ్డుతోనో పనిచేసే డ్రమ్ బ్రేకులు. 1999లో వచ్చిన సీబీజెడ్, 2001 పల్సర్ 180, 2003 కరిజ్మా లాంటి డిస్క్ బళ్లు ఇంకా నడుపుతున్నవాళ్ల కోసమే ఈ వివరమంతా.

ముందు హ్యాండిల్ మీదున్న మాస్టర్ సిలిండర్ (బ్రేక్ ద్రవం తొట్టి ఉండే, లివర్ నొక్కితే దాన్ని కిందికి తోసే భాగం) మూత తుడిచి చదవండి. ఏ డాట్ వాడాలో దానిమీదే అచ్చు ఉంటుంది. డాట్ అంటే అమెరికా రవాణా శాఖ పేరులోని పొడి అక్షరాలు, పక్కనున్న అంకె ఆ శాఖ పెట్టిన ప్రమాణం. మన దగ్గరి పాత బళ్లలో చాలావాటికి డాట్ 3 గానీ డాట్ 4 గానీ రాసి ఉంటుంది. డాట్ 3 అని ఉన్నచోట డాట్ 4 పోయొచ్చు, రెండూ ఒకే జాతి. డాట్ 4 అని ఉన్నచోట డాట్ 3కి దిగొద్దు.

తేడా మరిగే వేడిలో ఉంది. కొత్త డాట్ 3 కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు, డాట్ 4 అయితే 230, డాట్ 5.1 అయితే 260. ఈ ద్రవాలు గాల్లోని తేమను పీల్చుకుంటాయి కాబట్టి రెండో లెక్క కూడా ఉంది. 3.7 శాతం నీరు చేరాక డాట్ 3కి 140, డాట్ 4కి 155, డాట్ 5.1కి 180 ఉంటే చాలంటుంది ప్రమాణం. ఇప్పుడు రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూడండి. నీరు తాగిన డాట్ 5.1 కన్నా నిన్న సీలు తీసిన డాట్ 3 ఎక్కువ వేడి ఓర్చుకుంటుంది. అంకె పెద్దది కొనడం కన్నా తాజాది కొనడం ముఖ్యం. 150 సీసీ బండికి డాట్ 5.1 కొనడం డబ్బు దండగే.

మరిగితే ఏమవుతుంది? తిరుమల ఘాట్ దిగుతూ బ్రేకు మీదే బండిని ఆపుకుంటూ వస్తే కాలిపర్ (ప్యాడ్లతో డిస్కును పట్టే భాగం) వేడెక్కి, లోపలి ద్రవం ఆవిరి బుడగలు కడుతుంది. ద్రవం నలగదు, ఆవిరి నలుగుతుంది. అప్పటిదాకా గట్టిగా ఉన్న లివర్ హఠాత్తుగా గ్రిప్ దాకా వచ్చేస్తుంది. బండి చల్లారాక మళ్లీ మామూలుగా ఉంటుంది కాబట్టి మెకానిక్‌కు చూపించినా అంతా బాగానే ఉందంటాడు.

డాట్ 5 మాత్రం ముట్టుకోవద్దు. 5.1కి తమ్ముడిలా కనిపించినా దాని కులమే వేరు, అది సిలికాన్. గ్లైకాల్‌తో కలవదు, నీటిని పీల్చదు. లోపలికి చేరిన నీరు చుక్కగా కాలిపర్ అడుగున కూర్చుని తుప్పు పట్టిస్తుంది, 100 డిగ్రీలకే మరుగుతుంది. డాట్ 5 సాధారణంగా ఊదా రంగులో ఉంటుంది. అమెరికాలో పాత హార్లీ కొనుక్కున్న మనవాళ్లు మాత్రం తిరగేసి ఆలోచించాలి. 2000ల మధ్య దాకా వచ్చిన చాలా హార్లీలకు డాట్ 5 వాడారు, మూత మీద అదే ఉంటే అదే పోయాలి.

సెకండ్ హ్యాండ్ బండిలో ఎవరేం పోశారో తెలియనప్పుడు ఒక చిన్న పరీక్ష చేయండి. సిరంజితో రెండు చుక్కలు తీసి గాజు గ్లాసులోని నీళ్లలో వేసి కలపండి. పూర్తిగా కలిసిపోతే గ్లైకాల్. తేలుతూ విడిగా నిలిస్తే అది సిలికానో, మామూలు ఆయిలో. మరో గుర్తు మూత కింది రబ్బరు డయాఫ్రం. తీసిన రబ్బరు ఉబ్బి, తిరిగి తన గాడిలో కూర్చోకపోతే లోపల ఆయిల్ పడినట్టే. అప్పుడు ఫ్లూయిడ్ మార్చడం కాదు, మాస్టర్ సిలిండర్ కిట్, కాలిపర్ సీళ్లు, గొట్టం, డయాఫ్రం అన్నీ మార్చాల్సిందే. లోహపు భాగాలు కడగడానికి పెట్రోలు, కిరోసిన్ వద్దు, మళ్లీ అదే జబ్బు. బ్రేక్ క్లీనర్ గానీ కొత్త బ్రేక్ ఫ్లూయిడ్ గానీ వాడాలి.

కొనేటప్పుడు చిన్న సీసాయే తీసుకోండి. ముందు బ్రేకు పూర్తిగా మార్చడానికి 100 నుంచి 150 మిల్లీలీటర్లు పడుతుంది, 250 సీసా ఉంటే నిశ్చింత. మూత సీలు, తయారీ తేదీ చూడండి. పెద్ద డబ్బా నుంచి గ్లాసులోకి వంచి ఇచ్చే లూజు సరుకు వద్దు. కాకినాడ, విశాఖ గాలికి తెరిచిన డబ్బా తేమ తాగడానికి ఎన్నాళ్లో పట్టదు.

మార్చే పనికి 8 నంబరు రింగు పానా (కొన్ని కాలిపర్లకు 10), కాలిపర్ మీద గాలి తీసే నిపిల్‌కు బిగుతుగా పట్టే పారదర్శక గొట్టం అడుగున్నర, ఖాళీ సీసా, మెడికల్ షాపులో దొరికే 20 మిల్లీలీటర్ల సిరంజి, తడిగుడ్డ కావాలి. తడిగుడ్డ పెట్రోలు ట్యాంకు మీద పరవండి. చుక్క పడితే తుడిచి ఊరుకోకుండా నీళ్లు పోసి కడగండి, లేకపోతే పెయింట్ పొట్టులా లేస్తుంది. మూత స్క్రూలు పాతబడి ఉంటే స్క్రూడ్రైవర్ పెట్టి తల మీద సుత్తితో రెండు దెబ్బలు వేశాక తిప్పండి, లేదంటే గాడి అరిగిపోతుంది.

సిరంజితో మాస్టర్ సిలిండర్ తొట్టిలోని టీ డికాక్షన్ రంగు ద్రవం తీసేసి, అడుగున ఉన్న జిడ్డు, తెల్లటి పొరలు గుడ్డతో తుడవండి. అక్కడ రెండు రంధ్రాలు కనిపిస్తాయి. పెద్దది సరే, పక్కనే సూదిమొనంత చిన్నది అసలు సంగతి. లివర్ వదిలినప్పుడు ఒత్తిడి వెనక్కి వచ్చే దారి అదే. తెల్ల పొర దాన్ని మూసేస్తే ప్యాడ్లు డిస్కును వదలవు, చక్రం చేత్తో తిప్పినా బిగుసుకుంటుంది. కాలిపర్ పట్టేసిందని దాన్ని విప్పి పారేసేవాళ్లు ఈ రంధ్రం వైపు చూడరు. సన్నటి గిటారు తీగ దూర్చి శుభ్రం చేసి, కొత్త ద్రవం పోసి లివర్‌ను మెల్లగా కొంచెమే కదపండి. చిన్న రంధ్రం మీద బుడిపెలా ఊట లేస్తే దారి తెరిచి ఉంది.

ఇక గాలి తీయడం. గొట్టం రెండో కొస సీసాలోని కొంచెం కొత్త ద్రవంలో మునిగి ఉండాలి. లివర్ నొక్కి పట్టి నిపిల్ పావు చుట్టు వదిలించండి, మళ్లీ బిగించాకే లివర్ వదలండి. ఈ వరస తప్పితే గాలి లోపలికే పోతుంది. నాలుగైదు సార్లకోసారి పైన నింపుతూ, గొట్టంలో స్వచ్ఛమైన రంగు, బుడగల్లేని ధార వచ్చేదాకా చేయండి. పాత బండిలో లివర్‌ను గ్రిప్ దాకా నొక్కవద్దు. మాస్టర్ సిలిండర్‌లో ఎన్నో ఏళ్లుగా పిస్టన్ తిరగని చోట తుప్పు ఉంటుంది, రబ్బరు పెదవి అక్కడికి వెళ్తే చిరుగుతుంది. లివర్‌కూ గ్రిప్‌కూ మధ్య అంగుళం చెక్కముక్క పెట్టుకుంటే ఆ భయం లేదు. ఎంత చేసినా కొంచెం మెత్తగానే ఉంటే ఆ చెక్కముక్క అలాగే ఉంచి లివర్‌ను గ్రిప్‌కు రబ్బరుబ్యాండుతో కట్టి రాత్రంతా వదిలేయండి, మొండి బుడగలు పైకి చేరతాయి. అప్పటికీ మెత్తదనం పోకపోతే రబ్బరు గొట్టమే ఉబ్బుతుండొచ్చు. నాలుగేళ్లు దాటిన గొట్టాన్ని నమ్మక్కర్లేదు. గొట్టం మార్చినప్పుడు దాని కొసను బిగించే బాంజో బోల్టు రాగి వాషర్లూ కొత్తవే వేయాలి.

లెవెల్ పై గీత దాటి పోయకండి. ప్యాడ్లు అరిగేకొద్దీ ద్రవం కాలిపర్‌లోకి దిగుతుంది, పైన తగ్గినట్టు కనిపిస్తుంది. అప్పుడు నింపేస్తే కొత్త ప్యాడ్లు వేసిన రోజు పొంగి ట్యాంకు మీద పడుతుంది. రెండేళ్లకోసారి, తీరప్రాంతాల్లో ఏడాదికోసారి మార్చడం మంచిది. మిగిలిన సగం సీసా వచ్చే ఏడాదికి దాచకండి. తీసిన పాత ద్రవాన్ని కాలువలో పోయకుండా మెకానిక్ షాపులో ఇవ్వండి, అదీ తాగునీళ్ల సీసాలో కాదు. చూడ్డానికి షర్బత్‌లా ఉంటుంది, పిల్లలు తాగితే విషం.