హీటింగ్ ఆయిల్ లెక్కలు – 3వ పాఠం: గ్యాలన్‌కి ఎంత చలి?

పోయిన పాఠంలో, ఇల్లు వెచ్చబరిచే నూనె (హీటింగ్ ఆయిల్) ట్యాంక్ మీది గేజ్ చదవమన్నాను. మీరు పంపిన లెక్కలు చాలావరకు ఒకే చోట తప్పాయి. ముందు ఆ గొడవ తేల్చుకుందాం.

ట్యాంక్ 275 గ్యాలన్లు, గేజ్ పావు దగ్గర ఉంది కాబట్టి 69 గ్యాలన్లు ఉన్నాయని రాశారు. గేజ్ చూపించేది నూనె ఎత్తు, గ్యాలన్లు కాదు. అమెరికాలో కనెక్టికట్, మసాచుసెట్స్ రాష్ట్రాల పాత ఇళ్ళ బేస్‌మెంట్లలో నిలువుగా ఉండే ట్యాంక్ 44 అంగుళాల ఎత్తు ఉంటుంది. పైనా కిందా గుండ్రం, మధ్యలోనే నిటారు. కింది గుండ్రంలో పట్టేది తక్కువ కాబట్టి పావు ఎత్తులో 60 గ్యాలన్లలోపే ఉంటాయి. అరపావు దగ్గర 22 దాకా, అంతే. అందులోనూ అడుగున మడ్డి. నేనైతే సగం గీత ఒక్కటే నమ్ముతాను. ఆ గీత దిగగానే నాలుగు కంపెనీల రేట్లు కనుక్కుని ఆర్డర్ చేస్తాను.

నూనె అయిపోయి బర్నర్ (నూనెని మండించే యంత్రం) ఆగినవాళ్ళు రీసెట్ బటన్ ఒక్కసారి నొక్కి వదిలేయండి. పదే పదే నొక్కితే మండని నూనె లోపల చేరుతుంది, తర్వాత అంటుకున్నప్పుడు అదో ప్రమాదం. ఆ రాత్రి గడవడానికి పెట్రోల్ బంకులో డీజిల్ తెచ్చి పోయొచ్చు. మన ఎర్ర నూనె దాదాపు అదే, రోడ్డు టాక్స్ లేదని గుర్తుకి రంగు కలుపుతారు. ఆ తర్వాత లైన్లో గాలి తీయించాలి.

ఇక అసలు పాఠం. బయట రోజు గరిష్ఠం 38, కనిష్ఠం 22 ఫారెన్‌హీట్ అయితే సగటు 30. బయట సగటు 65 ఉంటే ఇంటికి వేడి అక్కర్లేదని లెక్క, కాబట్టి 30ని 65లోంచి తీసేస్తే 35 డిగ్రీ డేలు, అంటే ఆ రోజు చలి కొలత. సగటు 65 దాటిన రోజుకి సున్నా వేయండి, మైనస్ వద్దు. రెండు ఫిల్లింగ్‌ల మధ్య డిగ్రీ డేలన్నీ కూడి, పోయించిన గ్యాలన్లతో భాగిస్తే మీ ఇంటి కె-ఫ్యాక్టర్ వస్తుంది, అంటే ఒక్క గ్యాలన్‌తో ఎన్ని డిగ్రీ డేలు గడుస్తాయో ఆ లెక్క. 1,400 డిగ్రీ డేలకి 200 గ్యాలన్లు పట్టాయా? మీ కె 7. ఆటోమేటిక్ డెలివరీ కంపెనీలు లారీ ఎప్పుడు పంపాలో చూసుకునేది దీంతోనే.

ఇక్కడే నాకు చిర్రెత్తించే తప్పు ఉంది. రెండుసార్లూ ట్యాంక్ నిండి ఉండాలి. బైక్ మైలేజీ చూసేటప్పుడు ఫుల్ ట్యాంక్ నుంచి ఫుల్ ట్యాంక్ దాకా చూస్తాం కదా, అదే పద్ధతి. డబ్బు సర్దుబాటుకి 100 గ్యాలన్లే పోయించుకుంటే ఆ 100 మీరు కొన్నది, కాల్చింది కాదు. డిసెంబర్‌లో 100, జనవరిలో 100 కొన్నాం కాబట్టి నెలకి వంద అనకండి. జనవరిలో 170 కాలి, గేజ్ 70 గ్యాలన్లు దిగి ఉండొచ్చు. ఇలాంటివాళ్ళు చలికాలం మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి ట్యాంక్ నింపించండి. మొదటి ఫిల్లింగ్ వదిలేసి, మధ్యలో కొన్నవన్నీ, చివరి ఫిల్లింగూ కలిపి కూడండి. బిల్లు డాలర్లని భాగించడం ఇంకా దారుణం. 2022లో గ్యాలన్ 5 డాలర్లు దాటింది, అంత మాత్రాన ఆ ఏడాది ఇల్లు ఎక్కువ నూనె తాగలేదు.

నిండిందని ఎలా తెలుస్తుందంటే, పోస్తున్నంతసేపూ ట్యాంక్‌లోని గాలి బయటికి పోయే వెంట్ పైపులో ఈల మోగుతుంది, ఆగగానే డ్రైవర్ ఆపేస్తాడు.

కె 7 ఉన్న ఇంట్లో సగటు 25 ఉన్న రోజుకి 40ని 7తో భాగిస్తే 5.7 గ్యాలన్లు. గేజ్ అరపావుకి దిగితే ఎన్ని రోజులు ఆగొచ్చో మీరే చూసుకోండి.

కె పెరిగితే లాభం. కనెక్టికట్‌లోని హార్ట్‌ఫర్డ్ వైపు ఏడాదికి సుమారు 6,000 డిగ్రీ డేలు. అటక ఇన్సులేషన్‌తో కె 7 నుంచి 8కి వెళ్తే 857 గ్యాలన్లు కాస్తా 750 అవుతాయి. గ్యాలన్ 4 డాలర్లు అనుకున్నా మిగిలేది 400 డాలర్ల పైమాటే. చలికాలం మధ్యలో కె తగ్గుతూ వస్తే బర్నర్‌లో మసి పట్టిందేమో చూపించండి. నాజిల్, ఫిల్టర్ ఏటా మార్పించాలని మళ్ళీ చెప్పను.

అభ్యాసం: పోయిన చలికాలం డెలివరీ స్లిప్పులన్నీ వెతికి, ప్రతి రోజు గరిష్ఠ, కనిష్ఠాలు రాసుకుని, నవంబర్–మార్చి కె తీయండి. బాయిలర్‌తోనే స్నానాల నీళ్ళు కాగే ఇళ్ళవాళ్ళు వేసవి స్లిప్పులు కూడా దాచండి. చలి లేని రోజుల్లో కాలిన నూనెని ఈ లెక్కలోంచి తీసేయడం 4వ పాఠం.